నిద్రపోయిన కాపలాదారు సాక్ష్యం

నాకు అక్షరాలు వచ్చింది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, విసుక్కోకండి. రాబర్ట్ చూసిన కేసుల్లో ఇది ఖాళీ సమాధి దగ్గర జరిగిన భాగం. ముందువి చదవకపోయినా ఇది తెలుస్తుంది.

ఈస్టర్ ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి రాబర్ట్ మడుగుపేట సమాధుల తోట గేటు ముందు బండి దిగాడు. దిగినవాడు వెంటనే లోపలికి పోలేదు. హెల్మెట్ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ముప్పై నాలుగేళ్లు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయినవాడు సమాధులకి జంకే మనిషి కాదు. కాని ఈ గేటు దాటి తొమ్మిదేళ్లయింది. ఆయన భార్య పద్మజ లోపలే ఉంది. ఈ ఊరి ఆడపిల్ల. పుట్టిన ఊళ్లోనే పెట్టమని అడిగింది. పెట్టిన రోజు తరవాత ఆయన మళ్లీ రాలేదు.

ఇప్పుడొచ్చింది కూడా ఆమె కోసం కాదు. రిటైరయ్యాక శ్రీకాకుళంలో లాయరు భాగ్యవతి గారి దగ్గర కేసుల్లో నిజమేదో కనిపెట్టే పని చేస్తున్నాడు. పొద్దున్న ఆరింటికి ఆవిడ ఫోన్ చేసి సంగతి చెప్పింది. నౌపడ పక్క ఉప్పు మడుల్లో పనిచేసే ఎజ్రా అనే ముప్పై ఏళ్లవాడు గురువారం పదకొండు గంటలకి నీళ్ల మోటారు దగ్గర పడి చచ్చిపోయాడు. గుండె ఆగిపోయిందన్నాడు మడుల కాంట్రాక్టరు. శుక్రవారం సాయంత్రం ఐదుకి ఆదరాబాదరాగా పాతిపెట్టేశారు. ఎజ్రా భార్య షాలిని మాత్రం స్నానం చేయించేటప్పుడు భర్త కుడి అరచెయ్యి కాలి నల్లబడి ఉండటం చూసింది. అది కరెంటు కాటు అని భాగ్యవతి గారి దగ్గరికి పరిగెత్తింది. శనివారం మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. సోమవారం పదింటికి తహసీల్దారు ఎదట శవాన్ని తీసి డాక్టరు చేత పరీక్ష చేయించాలి. ఆదివారం తెల్లారేసరికి సమాధిలో శవం లేదు. శవాన్ని దొంగిలించారని షాలినినీ ఆమె తమ్ముడు నరేష్‌నీ ఐదున్నరకే స్టేషన్‌కి తీసుకుపోయారు. సాయంత్రానికి రిమాండు. శవం దొరక్కపోతే ఎజ్రా ఎలా చచ్చాడో ఇంక ఎవరూ చెప్పలేరు. ఆ పిల్ల మాత్రం మొగుడి శవాన్ని మాయం చేసిన మనిషిగా జైలుకి పోతుంది.

గేటు దగ్గర తెల్ల లాల్చీతో ఒక పెద్దమనిషి ఎదురొచ్చాడు. పేరు జ్ఞానానందం. ఆ మడుల కాంట్రాక్టరూ ఆయనే, ఈ మిషన్ చర్చికి సంఘపెద్దా ఆయనే.

"రండి అల్లుడుగారూ, ఇన్నాళ్లకి దారి తెలిసింది," అని చెయ్యి పట్టుకున్నాడు.

రాబర్ట్ కళ్లు తన ప్రమేయం లేకుండానే ఉత్తరం వరస చివరికి పోయాయి. ఈస్టర్‌కి ముందురోజు ఊళ్లో వాళ్లంతా తమ తమ సమాధులకి సున్నం వేసుకుంటారని పద్మజ చెప్పేది. తొమ్మిదేళ్లుగా ఎవరూ వెయ్యని సమాధి నల్లగా, పాచి పట్టి ఉంటుందని తల వంచుకునే వచ్చాడు. తీరా చూస్తే అది తెల్లగా మెరుస్తోంది.

జ్ఞానానందం ఆ చూపు కనిపెట్టాడు. మీరు రాలేకపోతున్నారని నిన్న నేనే దగ్గరుండి వేయించాను, మా ఊరి ఆడపిల్ల సమాధి ఒక్కటీ నల్లగా ఉంటే చూడలేకపోయాను అన్నాడు. రాబర్ట్ హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ మనిషి మీదే అనుమానంతో వచ్చినవాడు, ఆ మనిషికే రుణపడినట్టయిపోయాడు.

ఎజ్రా గొయ్యి దక్షిణం పక్క ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తిరుమలరావు గట్టున నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు రాబర్ట్ పనిచేసిన స్టేషన్‌లోనే కొత్త ఎస్సైగా చేరినవాడు.

"ఏంటి రాబర్ట్ గారూ, రిటైరయినా డ్యూటీ దిగలేదా? నాకు పంచనామా రాయడం నేర్పింది మీరే. ఇప్పుడు తప్పులు పట్టడానికొచ్చారా?"

"నేర్చుకున్నావో లేదో చూద్దామని వచ్చాను సార్," అని రాబర్ట్ గొయ్యిలోకి దిగాడు.

పెట్టె అడుగునే ఉంది. మూత పక్కన ఉంది. పెట్టె నిండా ఉప్పు. మడి పనివాడు పోతే వాడు చివరగా పోసిన రాశిలోంచి రెండు తట్టల ఉప్పు తెచ్చి పెట్టెలో పోసి పడుకోబెడతారు. ఆ ఉప్పులో ఎజ్రా భుజాల గుర్తు ఇంకా ఉంది. తల పెట్టిన చోట చిన్న గుంట. రాబర్ట్ ఆ గుంట చెదరకుండా పక్క నుంచి వెతికాడు. ఒంటికి చుట్టిన దుప్పటి లేదు.

గొయ్యిలోంచి పైకొచ్చేసరికి తిరుమలరావు తన కేసు మొత్తం వినిపించాడు. ఎజ్రా తాగుడుకో మందుకో పోయి ఉంటాడు, పరీక్ష జరిగితే ఆ సంగతి బయటపడుతుందని పెళ్లామే తీయించేసింది, చర్చి వాళ్లు దానికి మహిమ అని పేరు పెట్టారు. రాత్రి ఇక్కడున్న కాపలావాడు కళ్లారా చూశాడు.

"తెల్లారకుండా మొదట వచ్చి గొయ్యి చూసిన ఆడవాళ్ల మాట?" అన్నాడు రాబర్ట్.

"ముగ్గురు ఆడాళ్లు, మూడు కథలు. ముసలమ్మకి తెల్ల మనిషి కనబడ్డాడు. రెండో ఆవిడకి ఇద్దరు కనబడ్డారు. మూడో ఆవిడకి ఎవరూ కనబడలేదు. జడ్జి గారు నవ్వుతారు."

"మూడూ అచ్చుగుద్దినట్టుంటే నేను నవ్వుదును, ఒక్క బల్ల మీద కూచోబెట్టి రాయించారని. మూడింటిలోనూ కలిసే మాట ఏంటి?"

"వాళ్లు వచ్చేసరికే గొయ్యి తెరిచి ఉందని."

"మరి దాన్ని పట్టుకో."

ఈ మాట రాబర్ట్‌ది కాదు, పద్మజది. పెళ్లయిన కొత్తలో ఆయన చర్చికి రానంటే ఆమె పోట్లాడలేదు. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు గీతలు గీసి, నాలుగు సువార్తల్లో మూడో రోజు ఉదయం గురించి ఉన్నదంతా పక్కపక్కన రాసి ముందు పెట్టింది. మీరు పోలీసాయన కదా, ఇవి నాలుగు స్టేట్‌మెంట్లు, ఈ కేసు చూడండి అంది. వెళ్లిన ఆడవాళ్లు ఇద్దరా ముగ్గురా, దూత ఒకడా ఇద్దరా, ఎక్కడికక్కడ తేడాలు. లొసుగులు కనబడ్డాయని ఆయన సంబరపడ్డాడు. ఆమె ఒక్కటే అడిగేది. కల్లబొల్లి కథ అల్లేవాళ్లయితే ఆ కాలంలో సాక్ష్యమే చెల్లని ఆడవాళ్లని మొదటి సాక్షులుగా ఎందుకు పెడతారండీ? శిలువ వేసి చంపారన్నది ఆ మతాన్ని ఈసడించుకున్న రోమా చరిత్రకారుడు కూడా రాశాడు కదండీ? గిట్టనివాళ్లు సైతం శవం దొంగిలించారన్నారే గాని సమాధిలోనే ఉందని అనలేదేం? ఖాళీ సమాధి వల్ల సమాధి ఖాళీ అని తప్ప ఇంకేం రుజువు కాదు అని ఆయన వాదించేవాడు. అవును, రుజువు అంతవరకే, ఆపైన మీరే తేల్చుకోవాలి అనేది ఆమె. తేల్చుకోకుండానే ఆమెని పాతిపెట్టాడు.

కాపలావాడు నూకయ్య చర్చి వరండాలో గోడకి ఆనుకుని కూచున్నాడు. ఈ సంఘం మనిషి కాదు, ఉప్పు యార్డులో రాత్రి కాపలా. ఉత్తర్వు వచ్చాక శనివారం సాయంత్రం సంఘపెద్దే వాణ్ని ఇక్కడ పెట్టాడు. రెండు చేతులూ తువ్వాలులో చుట్టుకుని ఉన్నాడు. రాబర్ట్ వాడి ఎదురుగా నేల మీదే కూచుని, తాగావా తిన్నావా అని మెల్లగా మాటల్లోకి దింపాడు. ఎనిమిదికి కాపలాకి కూచున్నాడు. తాగలేదు. గేటు దగ్గర చర్చి కుర్రాళ్లు రాత్రంతా మామిడాకులూ లైట్లూ కడుతూనే ఉన్నారు.

"నీకు నిద్ర ఎన్నింటికి పట్టింది నూకయ్యా?"

"పన్నెండుకి కునుకట్టీసినాది బాబూ. లెగిసేతలికి ముసలమ్మ ఏడుపు ఇనబడినాది."

"మధ్యలో లేవలేదా?"

"నేదు బాబూ. సచ్చినట్టు పడుకున్నాను."

"మరి షాలినీ తమ్ముడూ ఎప్పుడొచ్చారు?"

"నాను నిద్దరోతన్నప్పుడు ఆల్లొచ్చి అట్టుకుపోనారు."

తిరుమలరావు చేతిలో పెన్ను ఆగిపోయింది. రాబర్ట్ నవ్వలేదు. రెండు వేల ఏళ్ల కిందట ఇంకో సమాధి దగ్గర కాపలా సైనికులు చెప్పిన మాట కూడా ఇదే. మేము నిద్రపోతుండగా శిష్యులు వచ్చి ఎత్తుకుపోయారు. ఆ వాక్యం దగ్గరే పద్మజ చదవడం ఆపి, కళ్లజోడు పైనుంచి చూసి, నిద్రపోయినవాడికి దొంగ ఎవరో ఎలా తెలిసిందండీ అని అడిగింది.

"చేతులు చూపించు," అన్నాడు.

నూకయ్య తువ్వాలు విప్పాడు. గోళ్ల మొదళ్లు తెల్లగా ఉబ్బి, వేళ్ల సందులు ఎర్రగా పుండు పడి ఉన్నాయి.

"ఉప్పు పని బాబూ."

"ఉప్పు చీలుస్తుంది. ఇలా కొరికింది సున్నం. నీవాళ్లెవరూ ఈ తోటలో లేరు. నువ్వు ఎవరి సమాధికి వేశావు?"

నూకయ్య నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి జ్ఞానానందం, నూకయ్యా, టీ చల్లారిపోతోంది అని పిలిచాడు. తెరిచిన నోరు మూతపడింది. తిరుమలరావు కూడా, నిన్న ఊరంతా సున్నమే వేసింది, ఎవరో కూలికి పిలిచి ఉంటారు, అదేం పెద్ద విషయం అన్నాడు. కాని ఆ అనడంలో ముందున్న ధీమా లేదు.

ఎజ్రా తల్లి అన్నమ్మ చర్చి మెట్ల మీద ఒక్కతే ఉంది. కొడుకు మీద చల్లడానికి తెచ్చిన మల్లెపూల బుట్ట ఒళ్లోనే ఉంది. పూలు వాడిపోయాయి. రాబర్ట్‌ని చూసి ముసుగు సర్దుకుంది.

"అల్లుడుగారూ, నాకు రాత నేదు. పద్మజమ్మ సదివితే ఇన్నదాన్ని. ఆ బాబు మూడో నాడు లేసినాడు గదా. మా ఓడిని శుక్రారం ఎట్టినాం, నేడు ఆదోరం. మా ఓడు కూడా లేసినాడంటన్నారు. ఎతక్కండి, ఎతికితే దేవుడి మీద అనుమానం పడ్డట్టే అని పెద్దాయన అంటన్నాడు." బుట్టలో వాడిన పూలు సర్దింది. "ఏటి బాబూ, నిజవేనా?"

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో రాబర్ట్ ఎన్నో వేల ప్రశ్నలు అడిగాడు. ఇలాంటిది ఒక్కటి కూడా ఆయన్ని ఎవరూ అడగలేదు. అవునంటే ఆ తల్లి ఈ పూటకి బతుకుతుంది, కోడలు జైలుకి పోతుంది. పక్కన మెట్టు మీద కూచున్నాడు.

"ఆయన లేచినప్పుడు చుట్టిన గుడ్డలు అక్కడే ఉండిపోయాయమ్మా. పద్మజ చదివింది గుర్తుందా? ఇక్కడ దుప్పటి లేదు. దుప్పటితో పాటు చేతుల్తో ఎత్తి మోసుకుపోయారు." ఆవిడ వైపు తిరిగాడు. "ఇంకోటి. వెతకొద్దని అప్పుడెవరూ అనలేదు. చూసినవాళ్లు చాలామంది ఇంకా బతికే ఉన్నారు అని పాతికేళ్ల తరవాత కూడా ఆయన మనుషులే ఉత్తరం రాశారు. అంటే పోయి అడిగి తెలుసుకోండి అన్నట్టే కదా. వెతకొద్దు అన్నవాడి దగ్గరే నాకు అనుమానం."

అన్నమ్మ ఏడవలేదు. పూలబుట్ట తీసి పక్కన పెట్టింది.

"అయితే ఎతుకు బాబూ," అంది.

అప్పుడు ఆవిడ పొద్దున్న ఏం చూసిందో అడిగాడు. తెల్లవారుజామున ఆరాధన నాలుగున్నరకి. నిద్ర పట్టక ఆవిడ నాలుగుంపావుకే వచ్చేసింది. గేటు దగ్గర లైట్ల వెలుగులో ఉత్తరం పక్క ఒక మనిషి నించున్నాడు. నెత్తి నుంచి కాళ్ల దాకా తెలుపు. ఆవిణ్ని చూసి వంగి మాయమైపోయాడు. దేవదూత అనుకుని మోకాళ్ల మీద పడింది.

"ఉత్తరం పక్క ఎక్కడ?"

"పద్మజమ్మ కాడే. నాను అప్పుడే అనుకున్నాను, ఓలమ్మ, అల్లుడుగారు వొచ్చి సున్నం ఏసీసినారు అని. రేతిరే వొచ్చినావా బాబూ?"

"నేను కాదమ్మా. నిన్న పెద్దాయన వేయించారట."

ఆవిడ ఆయన ముఖం వంక వింతగా చూసింది. "నిన్న దీపాలేల దాకా నాను ఈడే ఉన్నాను. అది నల్లగానే ఉన్నాది. అయినా పెద్దాయన ఎలా ఏయిస్తాడు? పెనివిటి బతికుండగా పరాయి సెయ్యి ఎడితే ఆ ఇల్లు ఆరిపోనాదని సెప్పినట్టు గాదా? అందుకే గదా తొమ్మిదేళ్లూ మేవెవరం ముట్టలేదు. నాకెన్నిమార్లు మనసైనాదో. నువ్వొస్తావని ఒగ్గీసినాను."

రాబర్ట్‌ది గజపతినగరం వైపు. ఈ ఊరి కట్టుబాటు ఆయనకి తెలియదు. నూకయ్యకీ తెలియదు. తెలిసిన జ్ఞానానందానికేమో పొద్దున్న గేటు దగ్గర ఆయన చూపు చూశాక అంతకన్న మంచి అబద్ధం తోచలేదు.

లేచి ఉత్తరం వరసకి నడిచాడు. ఈ తొమ్మిదేళ్లలో రావలసినన్ని అడుగులూ ఆ నలభై గజాల్లోనే వేసినట్టనిపించింది. మిగతా సమాధులన్నీ లేత నీలం కలిసిన తెలుపు. చర్చిలో ఒక్క డ్రమ్ములోనే సున్నం కలిపి, నీలిమందు వేసి, అందరికీ పంచుతారు. పద్మజ మీదున్నది ఒట్టి తెలుపు. పలక మీద చెక్కిన ఆమె పేరు కూడా కనబడకుండా పూసేశారు. కావలసినవాళ్లెవరూ పేరు మీద పూయరు. వేలితో తుడిచాడు. వేలు తడిగా వచ్చింది. నిన్న సాయంత్రం ఆరులోపు వేసిన సున్నాలన్నీ ఎండి పొడి రాలుతున్నాయి. ఇది పలక కింద నీడ పడే చోట ఇంకా ఆరలేదు. పలకకీ ఇటికలకీ మధ్య సందులో సున్నం ముద్దలు ముద్దలుగా కూరి ఉంది. కాళ్ల వైపు ఎర్రమట్టిలో ఏదో మెరిసింది. వంగి చిటికెతో ఎత్తాడు. మంచుకి సగం కరిగిన ఉప్పుగల్లు. నాలిక మీద పెట్టుకున్నాడు.

ఎజ్రా పెట్టెలో పోసిన ఉప్పే.

ఇంక వరస అదే వచ్చింది. గేటు దగ్గర కుర్రాళ్లు, మూడు వైపులా మడుల బురద. శవాన్ని తోట దాటించలేరు. తోటలోనే దాచాలి. తవ్విన మట్టి కనబడకూడదు. ఇటికలతో కట్టిన పాత సమాధి పలక ఎత్తి, లోపల పెట్టి, సందు పూడ్చి, ఆ కొత్త పూత కనబడకుండా మొత్తానికి సున్నం కొట్టేస్తే సరి. ఎజ్రా గొయ్యి పూడ్చడానికి తిరిగి రావాలి. ఈలోగా నిద్ర పట్టని తల్లి పావుగంట ముందే వచ్చేసింది. ఒళ్లంతా సున్నం పడ్డ నూకయ్యని దేవదూత అనుకుంది.

రాబర్ట్ తిరుమలరావుని పిలిచాడు. వేలు చూపించాడు, ఉప్పుగల్లు చూపించాడు. ఆ వేలు చూశాక తిరుమలరావు వరండా వైపు చూశాడు. నూకయ్య లేచి గోడవారగా నడుస్తున్నాడు. కానిస్టేబుల్ని కేకేసి వాణ్ని పట్టుకోమన్నాడు. తరవాత తహసీల్దారుకి ఫోన్ చేశాడు.

జ్ఞానానందం పరుగులాంటి నడకతో వచ్చి సమాధికి అడ్డంగా నిలబడ్డాడు. ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది.

"అల్లుడుగారూ, కట్టుకున్నదాని సమాధి పగలగొట్టిస్తారా? లోకం ఏమంటుంది? తొమ్మిదేళ్లు ఈ గేటు తొక్కనివాడివి, వచ్చిన రోజే గునపం తెచ్చావంటుంది."

"తొమ్మిదేళ్లు రాలేదని మీకు తెలుసు," అన్నాడు రాబర్ట్. "ఇంక రాననీ అనుకున్నారు. ఈ తోటలో వందకి పైగా ఉన్నాయి. ఎవరూ రానిది ఇదొక్కటే. అందుకే దీన్ని ఎంచుకున్నారు."

ఆ మాట జ్ఞానానందానికి ఎంత తగిలిందో గాని, అన్న మనిషికే ఎక్కువ తగిలింది. సంఘపెద్ద నవ్వు అప్పుడు పోయింది. చుట్టూ చూశాడు. చర్చి మెట్ల దగ్గర జనం లేచి నిలబడి ఇటే వస్తున్నారు. వాళ్ల ముందు అన్నమ్మ.

తహసీల్దారు పదకొండుంపావుకి వచ్చాడు. సమాధి తెరవడానికి దగ్గరి బంధువు ఒప్పుకోలు కావాలి. తిరుమలరావు కాయితం తనే రాశాడు. ఒకప్పుడు నేర్చుకున్నట్టే, టైముతో సహా, కొట్టివేతలు లేకుండా రాశాడు. చనిపోయినవారితో సంబంధం అన్న చోట పెన్ను ఆపి తలెత్తాడు. "ఏం రాయమంటారు సార్?" అని అడిగాడు. పొద్దుటి నుంచీ ఆయన్ని సార్ అనడం అదే మొదలు.

"భర్త," అన్నాడు రాబర్ట్. సంతకం పెడితే వేలి సున్నం కాయితానికి అంటుకుంది.

గునపం మొదటి పోటుకే పచ్చి సున్నం ఊడిపడింది. పలక ఒక పక్క జానెడు లేచింది. ఆ సందులోంచి మొదట రాలింది మట్టి కాదు, ఉప్పు. దుప్పటి అంచు కనబడింది. అన్నమ్మ మోకాళ్ల మీద కూచుని ఆ అంచు పట్టుకుంది. తను కుట్టిన అంచే. దాని కింద నుంచి కాలి నల్లబడిన అరచెయ్యి ఒకటి బయటికి జారింది. డాక్టరు చూడవలసింది ఆ చెయ్యే. వెనక కానిస్టేబుళ్లు సంఘపెద్ద రెండు జబ్బలూ పట్టుకోవడం గాని, షాలినిని తీసుకురమ్మని తిరుమలరావు ఫోన్లో చెప్పడం గాని ఆవిడ పట్టించుకోలేదు.

"రేతిరంతా సీకట్లో ఒక్కడూ ఉండిపోనాడు నా కొడుకు," అంది.

రాబర్ట్ ఆమె పక్కన కూచుని, పలక మీద సున్నం మెల్లగా తుడిచాడు. పద్మజ పేరు ఒక్కొక్క అక్షరమే బయటికొచ్చింది.

"ఒక్కడూ లేడమ్మా," అన్నాడు. "మా పద్మజ దగ్గరున్నాడు."

ఇట్లు,
బోనెల దయామణి, అరవై ఆరేళ్లు.
మా ఆయన పోయాక గజపతినగరంలో చెల్లెలి ఇంటి వెనక వాటాలో ఉంటున్నాను.